తాళం తిప్పే ముందు

ఫిబ్రవరి 9

తమ్ముడూ,

పాత మినీబస్సుకి మంచం, స్టవ్, సింకు బిగించి నువ్వు తయారుచేసి ఇచ్చిన ఇంటిబండిలో ఇది మాకు పంతొమ్మిదో రోజు. చేతిలో ఫోను పెట్టుకుని అక్కకి ఉత్తరాలేమిటని నవ్వుకుంటున్నావని తెలుసు. ఈ బండిలో మంచం దగ్గర గుసగుసలాడినా స్టీరింగు దగ్గరున్న మీ బావకి వినిపిస్తుంది. ఆయన చెవిన పడకూడని మాట ఒకటుంది. అందుకని ఆయన నీళ్ళు పట్టడానికి వెళ్ళినప్పుడల్లా నాలుగు ముక్కల చొప్పున రాస్తున్నాను.

ముందు నవ్వుకునే సంగతులు. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషీ, ముప్పై ఏళ్ళు ఆపరేషను గదిలో నర్సుగా చేసిన మనిషీ, ఇద్దరూ రిటైరై కూర్చుని పొద్దున్నే ఒక్క బండిని సవ్యంగా కదిలించలేకపోయారంటే నమ్ముతావా? మూడో రోజు, ఇలాంటి ఇంటిబండ్లు రాత్రిళ్ళు ఆపుకునే క్యాంపులో, కరెంటు వైరు స్తంభానికి తగిలించి ఉండగానే బయల్దేరాం. క్యాంపు ఆఫీసు మనిషి చేతులూపుతూ వెంటపడితే, ఎంత మర్యాదస్తుడో అనుకుని నేనూ చెయ్యూపాను. ఐదో రోజు అలమర గడియ వెయ్యలేదు. మొదటి మలుపులోనే నాలుగు కప్పులూ నేలపాలు. "నువ్వు వేశావనుకున్నా" అని ఆయన, "మీరు వేశారనుకున్నా" అని నేను.

దాంతో నా పాత పద్ధతి బయటికి తీశాను. ఆపరేషనయ్యాక కుట్లు వేసే ముందు దూది ముక్కలు లెక్కపెట్టేవాళ్ళం. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు చేత్తో తాకి బదులు చెప్పాలి. ఇక్కడ బండి కదిలేలోపు చేయాల్సినవి పదకొండు పనులు తేలాయి. అట్టముక్క మీద రాసి, పనికొక బట్టల క్లిప్పు పెట్టాను. పని అయితే క్లిప్పు ఎడమవైపు నుంచి కుడివైపుకి మారుతుంది. నేను చదువుతాను, మీ బావ తాకి చూసి "అయింది" అంటారు. పదకొండూ కుడివైపుకి చేరాకే తాళం తిప్పడం. డిపోలో కూడా ఇంత పద్ధతి లేదని ఆయన మెచ్చుకున్నారు.

ఇక అసలు మాట. మొన్న పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంది, బండంతా గ్యాసు వాసన. స్టవ్ నాబ్ కొంచెం తిరిగి ఉంది, మంట లేదు. కిటికీలు తీసి, ఆయన్ని లేపి బయటికి లాక్కొచ్చాను. చివరగా పాలు కాచింది ఆయనే. అడిగితే "కట్టేశానే" అని, కాసేపు నా వంక అదోలా చూశారు. మా అత్తగారు చివరి రోజుల్లో కన్నకొడుకునే నువ్వెవరివని అడిగిన సంగతి నీకు తెలుసు. ఆవిడకి మొదలైందీ ఈ వయసులోనే.

ఆ నాబ్ దానంతటది తిరిగిపోయే రకమా? అవునని రాయి. నీ చేతిపని బాగాలేదని ఒప్పుకుంటే ఈ ఒక్కసారికి క్షమించేస్తాను. మీ బావకి మాత్రం ఈ ఉత్తరం సంగతి తెలియకూడదు, ఒట్టు. వచ్చే వారం ఎక్కడుంటామో వెనక రాశాను. అక్కడి క్యాంపు ఆఫీసుకి పంపితే ఉంచుతారు.

ధైర్యం నటిస్తున్న
అక్క


ఫిబ్రవరి 16

అక్కా,

నీ ఉత్తరం లారీ కింద పడుకుని చదివాను. మా ఆవిడ షాపుకి వచ్చి, బయటికి కనబడుతున్న నా కాళ్ళని అడిగింది ఎవరు రాశారని. కాళ్ళు కూడా చెప్పలేదు. ఒట్టంటే ఒట్టే.

నా చేతిపని బాగాలేదని రాయమన్నావు. రాసేవాణ్ణే. కానీ ఆ నాబ్ లోపలికి నొక్కితే తప్ప తిరగదు. దానంతటది తిరగదక్కా, ఎవరో తిప్పారు.

అలాగని ఒక్కసారికే కొంపలు మునిగినట్టు కంగారుపడకు. చిన్నప్పుడు నాకు జలుబు చేస్తే నిమోనియా అని ఇల్లంతా ఏడిపించినదానివి. మా షాపులో ఒక పద్ధతుంది. కొత్త మెకానిక్ వస్తే, నేనే ఒక నట్టు కావాలని వదులు చేసి, "ఒకసారి చూడు, బండి పంపేద్దాం" అంటాను. పట్టుకున్నాడా, ఇక ఆ మనిషి మీద నమ్మకం. నువ్వూ ఏదో చిన్నది, ప్రమాదం లేనిది, పొద్దున ఆయన చూడకుండా మార్చిపెట్టు. బావ పట్టుకుంటాడు, నీ భయం వదులుతుంది. నా మాట విను.

తమ్ముడు


మార్చి 1

తమ్ముడూ,

నీ మాట విన్నాను. అనవసరంగా విన్నానేమో కూడా తెలియట్లేదు.

మొదటి రోజు అలమర గడియ తీసేసి, క్లిప్పు మాత్రం కుడివైపు పెట్టాను. మీ బావ వెంటనే పట్టుకున్నారు. గడియ వేసి, నన్ను చూసి చిన్నగా నిట్టూర్చారు. ప్రాణం లేచొచ్చింది. రెండోసారి, నీళ్ళ ట్యాంకు మూత విప్పి సింకులో పెట్టాను. పట్టుకోలేదు. మూత లేకుండానే "అయింది" అన్నారు. దారంతా నీళ్ళు కార్చుకుంటూ పోయాం.

అక్కడితో ఆగితే సరిపోయేది. నేను చేయని తప్పులు కూడా కనబడుతున్నాయి. నా చేత్తో బిగించిన కిటికీ గడియ పొద్దున్నే ఊడి ఉంటుంది. నేను ఎడమవైపు వదిలిన క్లిప్పు మొహం కడుక్కుని వచ్చేసరికి కుడివైపు ఉంటుంది. మెట్టు మడిచామని ఇద్దరం చూసుకున్నాక కూడా మళ్ళీ దిగి ఉంది. నేను మార్చినవి నాకు తెలుసు కదా, నర్సుని, కాగితం మీద రాసుకుంటున్నాను. మిగతావి ఎవరు చేస్తున్నట్టు? తను చేస్తున్నది తనకే తెలియడం లేదన్నమాట.

మీ బావ ముందులా లేరు. పాటలు ఆపేశారు. నేను స్టవ్ దగ్గర నిలబడితే పేపరు చదువుతున్నట్టు పట్టుకుని దాని పైనుంచి నన్నే చూస్తుంటారు. పట్టుబడిపోతానేమోనని భయం కాబోలు, పాపం. నాకా, ఆయన పక్కన కూర్చుని ఎదురుగా వచ్చే ప్రతి లారీనీ లెక్కపెట్టుకోవడం అయిపోతోంది.

ఏం చేయాలో చెప్పు. ఆయనతో మాత్రం అనకు. అన్నావంటే ఆ మనిషి తట్టుకోలేరు.

అక్క


మార్చి 8

అక్కా,

నువ్వెలా ఉన్నావు? నీ సంగతి అడుగుతున్నాను. సరిగా నిద్రపోతున్నావా? తల నొప్పేమైనా వస్తోందా? వేళకి తింటున్నావా?

ఊరికే అడుగుతున్నా. మనం చిన్నప్పుడున్న ఇంటికి ఎన్ని గుమ్మాలు? నా పెళ్ళి ఏ వారం జరిగింది? నువ్వు మొదట చేరిన ఆసుపత్రిలో పెద్ద నర్సుని అందరూ ఏమని పిలిచేవాళ్ళు? కూర్చుని ఆలోచించకుండా టకటకా రాసి పంపు. సరదాకే.

ఇంకోటి. కొన్నాళ్ళు స్టవ్ జోలికి నువ్వు వెళ్ళకు. కాఫీ కూడా బావే పెడతాడు. నువ్వు హాయిగా కూర్చో. ఏదైనా మర్చిపోయానని అనిపిస్తే నాకు చెప్పడానికి సిగ్గుపడకు. అక్కవి, నా దగ్గర నీకు సిగ్గేమిటి.

తమ్ముడు


మార్చి 17

మహానుభావా,

గుమ్మాలు ఆరు. వెనకది తలుపు లేనిది, దాన్ని లెక్కపెట్టకపోతే ఐదు. నీ పెళ్ళి గురువారం, వాన పడింది, నువ్వు చెప్పులు పోగొట్టుకున్నావు. పెద్ద నర్సుని చీమ అనేవాళ్ళం, ఎక్కడ చక్కెర పడ్డా ప్రత్యక్షమయ్యేది. పరీక్ష పాసయ్యానా?

నేను కొంప అంటుకుందని రాస్తే నువ్వు గుమ్మాలు లెక్కపెట్టమంటావు. నా మొగుడి గురించి అడిగితే నా తలనొప్పి గురించి రాస్తావు. స్టవ్ జోలికి నేనెందుకు వెళ్ళకూడదు? దాన్ని తెరిచి పెట్టింది నేనా? మాట దాటేస్తున్నావంటే మీ బావ జబ్బు సంగతి నీకు ముందే తెలుసన్నమాట. ఆయన నీకు చెప్పుకున్నారు, నా దగ్గర దాచమన్నారు. అంతే కదా. ఇన్నేళ్ళ కాపురం చేసిన నేను పరాయిదాన్నయ్యాను.

కొండ ఎక్కేశాం. ఇరవై రెండు మలుపులు. నేను కళ్ళు మూసుకోలేదు, మూసుకుంటే ఆయన్ని ఎవరు చూస్తారు? పదిహేడో మలుపులో ఆయన నా వైపు తిరిగి "నీకు నేనున్నాను" అన్నారు, సంబంధం లేకుండా. ముందు రోడ్డు చూడండి అని అరిచాను.

ఇక్కడి క్యాంపు వాలులో ఉంది. బండి వెనక్కి జారకుండా వెనక చక్రాలు రెంటికీ చెక్క దిమ్మలు పెట్టాం. ఈ నెలాఖరున దిగాలి. గడియలూ మూతలూ పెట్టి చేసే పరీక్షలతో నాకేమీ తేలట్లేదు. దిగే రోజు పొద్దున ఒక దిమ్మ తీసి దాచేస్తాను. ఒకటి పోతే ఏమవుతుంది, రెండోది ఉంటుంది, హ్యాండ్ బ్రేక్ ఎలాగూ ఉంటుంది. బండి నడిపే మనిషి చక్రం కింద దిమ్మ లేదని కూడా చూడలేదంటే, తాళాలు తీసుకుని ఏ లోయలోనో పారేస్తాను. ఆయన నన్ను కొట్టినా సరే.

భయంతో చచ్చిపోతున్నాను తమ్ముడూ. దెబ్బలాడుతున్నది అందుకే.

అక్క


మార్చి 24

అక్కా,

ఆ దిమ్మ ముట్టుకోకు. ముందు ఇది చదువు, తర్వాత నన్ను తిట్టు.

నీ మొదటి ఉత్తరానికి నేను జవాబు రాసిన రెండు రోజులకి బావ ఫోను చేశాడు. నువ్వు స్నానానికి వెళ్ళావని, ఐదు నిమిషాలే ఉన్నాయని అన్నాడు. "మీ అక్కకి మతి తప్పుతోందిరా, స్టవ్ తెరిచి పెట్టేసింది, తనే పాలగిన్నె కడిగింది, తనకే గుర్తులేదు" అని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ వినలేదు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నీ ఒట్టు ఒకటి, ఆయన ఒట్టు ఒకటి, అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఏం చేయాలో తోచక ఆయనకీ అదే నట్టు కథ చెప్పాను. ఏదైనా చిన్నది మార్చిపెట్టి అక్క పట్టుకుంటుందేమో చూడు బావా అని.

కిటికీ గడియ ఆయన తీసిందే. క్లిప్పు ఆయన మార్చిందే. మెట్టు కూడా. నువ్వు తీసిన అలమర గడియ ఆయనకి నీ మతిమరుపు. ఆ ట్యాంకు మూత సింకులో చూసి కూడా, నువ్వు గుర్తుతెచ్చుకుంటావేమోనని ఊరుకున్నాడట. నిన్న మళ్ళీ ఫోను చేసి, ఒక్కొక్కటీ వరసగా చెబుతుంటే, నీ ఉత్తరంలో ఉన్నవన్నీ అటునుంచి వినబడ్డాయి. అప్పుడు గానీ నా మట్టిబుర్రకి వెలగలేదు. చెప్పేద్దామని నోరు తెరిచేలోపు లైను తెగింది. చివర ఆయన అన్నమాట నా చెవిలోనే ఉంది. "దిగే రోజు హ్యాండ్ బ్రేక్ వదిలేసి చూస్తా, తను కనిపెడుతుందో లేదో. దిమ్మలు రెండున్నాయిగా, ఏం కాదు" అన్నాడు.

కొండమీద సిగ్నలు లేదేమో, అప్పట్నుంచి మీ ఇద్దరి ఫోన్లూ అందట్లేదంటోంది. క్యాంపు ఆఫీసులో ఎత్తేవాళ్ళు లేరు. ఇది అర్జెంటు పోస్టులో వేస్తున్నాను. అందిన నిమిషమే బావని కూర్చోబెట్టి చదివి వినిపించు. ఏ పరీక్షా వద్దు. బండి కదిలించొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

తమ్ముడు


మార్చి 31

తమ్ముడూ,

నీ ఉత్తరం ఇవాళ అందింది. మేం దిగుదామనుకున్నది ఇరవై ఎనిమిదిన.

ఆ పొద్దున ఆయన కంటే ముందు లేచి ఎడమ చక్రం దిమ్మ తీసి మంచం కింద పెట్టాను. తర్వాత అట్ట పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. హ్యాండ్ బ్రేక్ అన్నాను. "అయింది" అన్నారు. ఆయన మొహం చూస్తూ ఉన్నానే గానీ బ్రేకు వైపు చూడలేదు. ఆయన కూడా నా మొహమే చూస్తున్నారు. దిమ్మల వంతు ఇంకా రాలేదు. ముందు కరెంటు వైరు తీయడానికి ఆయన బండి వెనక్కి వెళ్ళారు. నేను తలుపు వేశాను. ఆ అదురుకే బండి కదిలింది. ఉన్న ఒక్క దిమ్మ మీదికెక్కి, దిగి, వెనక్కి జారింది. కిటికీలోంచి చెట్లు ముందుకి వెళ్తుంటే నాకు అర్థం కాలేదు.

కరెంటు స్తంభానికి కొట్టుకుని ఆగింది. బంపరు నొక్కుకుపోయి, స్తంభానికీ బండి ఒంటికీ మధ్య జానెడు చోటే మిగిలింది. ఆయన ఆఖరి క్షణంలో పక్కకి దూకారు. కుడి చీలమండ మీద బంపరు గీసుకుపోయింది, ఎముక చిట్లింది. ఆయన ఫోను చక్రం కింద నలిగిపోయింది. నాది నేనే ఆపేశాను, ఎవరితోనూ మాట్లాడాలని లేదు.

క్లినిక్కులో కట్టు కడుతుంటే "దిమ్మ నేను తీశాను" అన్నాను. "బ్రేకు నేను వదిలాను" అన్నారు. డాక్టరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఇద్దరం బెంచీ మీద కూర్చుని, ఎవరెవరు ఏ రోజు ఏం మార్చామో నా కాగితం పెట్టుకుని సరిచూసుకున్నాం. అన్నీ తేలాయి. అన్నిటికంటే ముందు జరిగిన ఆ స్టవ్ సంగతి తప్ప. అది నేను కాదు. ఆయనా కాదంటున్నారు. ఇద్దరం నిజమే చెబుతున్నాం.

నీకు రెండు వైపులా తెలుసు. నెల రోజులు తెలుసు. గుమ్మాలు లెక్కపెట్టించావు గానీ నోరు విప్పలేదు. ఆపరేషను గదిలో ముప్పై ఏళ్ళు చేశాను, పక్కవాళ్ళని పరీక్షించడానికి ఎవరూ దూది ముక్క దాచిపెట్టలేదు. ఆ సంగతి నాకు తెలిసుండాల్సింది. నిన్నొక్కణ్ణే అనడానికి నోరు రావట్లేదు, అయినా అంటున్నాను.

బయల్దేరి రాకు. నీ మొహం చూస్తే ఏమంటానో నాకే తెలియదు.

అక్క


ఏప్రిల్ 7

అక్కా,

వద్దన్నావని రాలేదు. రెండుసార్లు బస్టాండు దాకా వచ్చి వెనక్కి తిరిగాను.

సంజాయిషీ ఏమీ లేదు. నీకు చెబితే బావ దగ్గర మాట పోతుందని, ఆయనకి చెబితే నీ దగ్గర పోతుందని భయపడ్డాను. ఇద్దరి దగ్గరా మంచివాడిగా ఉందామనుకున్నాను. జానెడు చోటు అని రాశావే, ఆ మాట చదివినప్పటి నుంచి ఏ బండి బ్రేకైనా మూడుసార్లు చూసుకుంటే గానీ వదలట్లేదు. నిన్న కొత్త మెకానిక్కి, నట్లు వదులు చేయడం ఇక మానేశానని చెప్పాను. వాడికేమీ అర్థం కాలేదు.

ఆ స్టవ్ తెరిచింది ఎవరో తెలిసేదాకా నాకు నిద్ర రాదు. పెద్ద డాక్టరుకి ఇద్దరూ చూపించుకోండి. నాకు జవాబు రాయకపోయినా సరే, చూపించుకోండి.

తమ్ముడు


మే 4

తమ్ముడూ,

నెల రోజులు నిన్ను ఏడిపించాను. సరిపోయింది.

డాక్టరుకి చూపించుకున్నాం. బొమ్మలు చూపించి పేర్లడిగారు, వందలోంచి ఏడేడు తీసేయమన్నారు, గడియారం గీయమన్నారు. ఇద్దరం బాగానే చేశాం. లెక్కల్లో ఆయన నాకంటే ముందున్నారు. ఇప్పుడే ఏమీ చెప్పలేం, ఆరు నెలలాగి రండి అన్నారు.

వచ్చేటప్పుడు మీ బావే ఒక ఒప్పందం పెట్టారు. రోజూ పొద్దున అట్ట తీసే ముందు, కాఫీ తాగుతూ, నిన్న ఎదుటి మనిషిలో చూసి భయపడినది ఏదైనా ఉంటే మొహం మీదే చెప్పేయాలి. ఉత్తరాల్లేవు, ఫోన్లు లేవు, దాచడాల్లేవు. ఏమీ లేకపోతే ఏమీ లేదనాలి. మూడు వారాలు "ఏమీ లేదు" అంటే "ఏమీ లేదు" అనుకున్నాం. ఒకసారి మాత్రం ఆయన, "నిన్న కళ్ళజోడు తలమీద పెట్టుకుని అరగంట వెతికావు" అన్నారు. అది పెళ్ళయినప్పటి నుంచీ ఉన్నదే అన్నాను. చాలా రోజులకి నవ్వాం. చీలమండ నయమైంది. బండికి బంపరు మార్పించారు. ఈ వారమే బయల్దేరదామని మళ్ళీ పాటలు మొదలుపెట్టారు.

నిన్న పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి ఆయన ఖాకీ చొక్కా వేసుకుని, బొత్తాలన్నీ పెట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. "ఇంకా టిఫిను కట్టలేదా, మొదటి ట్రిప్పు నాదే" అన్నారు. వేళాకోళమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. నా అట్ట వైపు చూసి, "ఇవన్నీ ఎవరు తగిలించారు?" అని అడిగారు. నేనేం చెప్పానో నాకు గుర్తులేదు. కాసేపటికి ఆయనే చొక్కా విప్పేసి, పక్క మడతపెట్టి, కాఫీ తాగుదామా అన్నారు. నిన్న నావల్ల కాలేదు. ఏమీ లేదన్నాను. ఒప్పందం పెట్టుకున్నాక మొదటి అబద్ధం అదే.

రోజంతా చచ్చాను. ఆయన టైర్లలో గాలి చూసుకుంటూ, అద్దాలు తుడుచుకుంటూ ఎంత సంతోషంగా ఉన్నారంటే, ఇంకో వారం ఊరుకుంటే ఏం పోయింది అనిపించింది. ఆ స్తంభం గుర్తొచ్చింది. ఇవాళ పొద్దున కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. చొక్కా, ట్రిప్పు, అట్ట, అన్నీ.

ఆయన కప్పు కింద పెట్టారు. తర్వాత అడిగారు, "ఇది పరీక్ష కాదు కదా?"

కాదన్నాను. 

నా చేతిమీద చెయ్యి వేసి అలాగే ఉన్నారు. కాఫీ చల్లారిపోయింది. లేచి జేబులోంచి బండి తాళాలు తీసి నా చేతిలో పెట్టి, వేళ్ళు మూశారు. నేను ఏడిస్తే ఆయనే ఊరుకోబెట్టారు. "ముప్పై ఒక్క ఏళ్ళు ఒక్క మనిషికి దెబ్బ తగలనివ్వలేదు, ఆ పేరు చెడగొట్టుకోను" అన్నారు. తర్వాత నీ గురించి మాట్లాడారు. "మీ తమ్ముణ్ణి రమ్మను. వాడు గేరు మార్చేటప్పుడు పళ్ళు పీకినట్టు లాగుతాడు, నేను పక్కన కూర్చుని చెబుతాను" అన్నారు.

నా బండి నడిపే విద్య నీకు తెలుసు, సైకిలు కూడా రాదు. తాళాలు గుప్పిట్లోనే పెట్టుకుని రాస్తున్నాను. ఆయన బయట కుర్చీ వేసుకుని రోడ్డు మీద పోయే బండ్లని చూస్తున్నారు. తొందరగా రా తమ్ముడూ. ఇంకా నిన్ను గుర్తుపడతారు.

అక్క